మొక్కు లేని కొండ

మా తిరుపతి వాళ్ళకు కొండ అంటే ఒకటే. "కొండకు పోయొచ్చినారా?" అని ఎవరైనా అడిగితే, "ఏ కొండకు?" అని ఎదురడిగేవాళ్ళు మా ఊళ్ళో ఉండరు. నా చిన్నప్పుడు మా ఇంట్లో కొండకు పోవడానికి ఒక వరస ఉండేది. రెండు రోజుల ముందు నుంచే ఇంట్లో నీచు వండరు. తెల్లారుజామున లేపి తలకు పోస్తారు. అలిపిరి కాడ చెప్పులు విడిచి, దండం పెట్టుకుని మెట్లెక్కాలి. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకా అందరికీ హుషారే. మోకాళ్ళ పర్వతం వచ్చేసరికి మాత్రం మా అవ్వ ఒక్కతే నవ్వుతా ఉండేది, మిగిలినోళ్ళందరివీ ఏడుపు ముఖాలే.

ప్రతిసారీ ఏదో ఒక మొక్కు ఉండేది. ఎవరికో జ్వరం తగ్గిందని, ఎవరికో ఉద్యోగం వచ్చిందని, ఎవరో పరీక్ష గట్టెక్కినారని. మొక్కు లేకుండా కొండెక్కడం మా ఇంటావంటా లేదు. పైకి పోయినాక పెద్దోళ్ళు క్యూలో నిలబడే హడావిడిలో ఉంటే పిల్లోళ్ళం బుద్ధిగా కూర్చోవాలి. పరుగెత్తకూడదు, అరవకూడదు, అది కావాలి ఇది కావాలి అని సతాయించకూడదు. దర్శనం అయినాక నాయనకు ఓపికుంటే ఆకాశగంగ, పాపవినాశనం, శిలాతోరణం. అక్కడ కూడా "సామి చూస్తా ఉంటాడు, జాగ్రత్త" అనే మాట వెంటే వచ్చేది. కొండ మీద ఆడుకోవచ్చు అన్న సంగతే మాకు తెలీదు.

అది తెలిసింది హార్సిలీ హిల్స్‌లో.

మా చిన్నాయన మదనపల్లెలో హైస్కూలు అయ్యవారు, సైన్సు చెప్పేవాడు. ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం ఇన్లాండు లెటరు రాసినాడు. "అన్నా, తిరపతిలో ఈ ఎండలకు పిల్లోళ్ళు మాడిపోతా ఉంటారు. వదినను, అమ్మను కూడా పిల్చుకోని రా. హార్సిలీ కొండ మీద రూము మాట్లాడి పెడతాను." నాయన ఆ ఉత్తరం చదివి వినిపించినాక అవ్వ అడిగిన మొదటి ప్రశ్న, "ఆ కొండ మీద ఏ సామి ఉండాడురా?"

"సామీ లేదు ఏమీ లేదమ్మా. చల్లగా ఉంటుందంట, అంతే."

"సామి లేని కొండకు ఏం పని మనకు?" అనింది అవ్వ. అన్నదే కానీ, పొద్దు గుంకేలోపల తన చీరలు రెండు మూట కట్టి పెట్టుకునింది.

ఇంట్లో రెండు రోజులు సందడే సందడి. అమ్మ మనుబూలు వండింది, నిప్పట్లు చేసింది. బొరుగులు, వేయించిన చెనక్కాయలు ఒక డబ్బాకు. దారిలోకి చింతపండు పులుసన్నం, పెరుగన్నం, ఊరగాయ. నాయన ఒక్క హోల్డాలు సర్దడానికి మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టినాడు. ఎండాకాలంలో స్వెట్టర్లు ఎందుకని మా అన్న నవ్వినాడు కానీ, చిన్నాయన ఉత్తరం చివర్లో "స్వెట్టర్లు మరిచిపోవద్దు" అని రాసి కింద గీత కూడా కొట్టి ఉన్నాడు. మా ఇంట్లో ఉన్నవి రెండే స్వెట్టర్లు. ఒకటి అన్నది. ఇంకొకటి అవ్వది, రంగు తెలియనంత పాతది.

తిరుపతి నుంచి పొద్దున్నే ఎర్రబస్సు. చంద్రగిరి దాటినాక కోట, కొండలు వెనక్కి పోతాయి. ఇంకొంచెం పోతే భాకరాపేట ఘాటు. ఆ మలుపులు తెలిసినోళ్ళు ముందే జాగ్రత్త పడతారు. అమ్మ కొంగు చివర నిమ్మకాయ కట్టి పెట్టుకునింది, వాంతి వచ్చేటట్టుంటే వాసన చూడమని. మొదటి మలుపు తిరిగి బస్సు ఒక పక్కకు ఒరిగిందో లేదో, అవ్వ గట్టిగా, "ఏడుకొండలవాడా, వెంకటరమణా!" అనింది. బస్సులో సగం మంది అలవాటు కొద్దీ, "గోవిందా గోవింద!" అన్నారు. మిగతావాళ్ళు నవ్వినారు. రెండో మలుపుకు నవ్వినోళ్ళు కూడా కలిసినారు. ఘాటు దిగేదాకా అదే వరస. డ్రైవరన్న వెనక్కి తిరిగి, "అవ్వా, ఇది మదనపల్లె బస్సు, కొండ బస్సు కాదు" అంటే, "కొండెక్కతా ఉండావు కదా నాయనా, ఏ కొండైతేనేం" అనింది.

పీలేరులో టీ. వాయల్పాడులో పట్టాభిరాముడి గుడి వైపు తిరిగి బస్సులోంచే దండం. ఆ దారిలోనే పాకాల నుంచి ధర్మవరం పోయే చిన్న రైలు పట్టాలు అప్పుడప్పుడూ కనిపించేవి. అప్పటికి అది మీటరు గేజి. బస్సుకంటే ఆ రైలే మెల్లగా పోతుందని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

మదనపల్లెలో దిగేసరికే గాలి మారిపోయింది. తిరుపతిలో రాత్రి పూట కూడా మిద్దె మీద చెమటలు కక్కేవాళ్ళం. అక్కడ మధ్యాహ్నం చెట్టు కింద నిలబడితే హాయిగా ఉంది. చిన్నాయనకు ఏదైనా విడమరిచి చెప్పందే అన్నం దిగదు. బస్టాండులోనే మొదలుపెట్టినాడు. తిరుపతి కొండ కాళ్ళ దగ్గర ఉన్న ఊరు, మదనపల్లె ఒక పీఠభూమి మీద ఉన్న ఊరు. హార్సిలీ కొండ ఇంకా పైన, సముద్ర మట్టానికి 1,265 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరు డిగ్రీలకు పైగానే వేడి తగ్గుతుంది. "కాబట్టి ఏం తేలింది?" అని మా అన్నను అడిగినాడు. "ఆకలేస్తా ఉంది" అన్నాడు మా అన్న.

చిన్నాయన ఇంట్లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం బిసెంట్ కాలేజీకి పిల్చుకోని పోయినాడు. 1919లో రవీంద్రనాథ్ టాగూరు అక్కడికి వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడనీ, జనగణమనను ఇంగ్లీషులోకి ఆయనే అక్కడ కూర్చుని రాసినాడనీ, మార్గరెట్ కజిన్స్ అనే ఆమె ఆ పాట బాణీ కుదరడానికి సాయం చేసిందనీ చెప్పినాడు. మేము చెట్ల కింద అటెన్షన్లో నిలబడి జనగణమన పాడినాము. ఆయన పాడమనలేదు. మాకే అట్ల అనిపించింది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1895లో అని చెప్పినాడు. ఆయన పెట్టిన రిషి వ్యాలీ బడి మేము పోబోయే కొండకు దగ్గరలోనే ఉన్న లోయలో ఉంది. ఆ బడిలో పిల్లోళ్ళకు పరీక్షలు పెద్దగా ఉండవంట అని చిన్నాయన అనడమే పాపం, మా అన్న వారం రోజులు అదే పట్టుకున్నాడు, నన్ను ఆ బడిలో చేర్చమని.

కొండ మీదికి పోయే బస్సులో నాకు కిటికీ సీటు దొరికింది. కిందంతా గుండ్లు, చెనక్కాయ చేలు, టమోటా తోటలు. రోడ్డు పైకి మెలికలు తిరిగేకొద్దీ చెట్లు ఎత్తయినాయి. ఒక మలుపులో ఉన్నట్టుండి వాసన. జలుబు చేసినప్పుడు అమ్మ రుమాలు మీద రెండు చుక్కలు వేసి ముక్కుకు పెట్టే నీలగిరి తైలం వాసన. బస్సు నిండా అదే. అవ్వ గుండెల నిండా పీల్చి, "దీనికైనా రావచ్చురా" అనింది. అది ఆమె ఆ కొండకిచ్చిన మొదటి మార్కు.

నీలగిరి చెట్లను నేను అంత దగ్గరగా చూసింది అదే మొదలు. బెరడు పొడుగు పొడుగు పట్టీలుగా ఊడి వేలాడుతా ఉంటుంది, ఎండకు కమిలిన వీపు మీద తోలు లేచినట్టు. దాని కింద మాను నున్నగా, తెల్లగా, చేత్తో నిమిరితే చల్లగా ఉంటుంది. కింద రాలిన కాయలు చిన్న చిన్నవి, పైన మూత ఊడి, లోపల నక్షత్రం ఆకారంలో గీతలు. పుల్ల గుచ్చి తిప్పితే బొంగరం. మా అన్న, చిన్నాయన కొడుకులు, నేను జేబుల నిండా ఏరుకున్నాము. నాకు జేబుల్లేవు, లంగా కుచ్చిళ్ళు ఎత్తి అందులో పోసుకున్నాను. ఆ లంగాకు ఎన్ని ఉతుకులైనా ఆ వాసన పోలేదు.

ఆ చెట్లలో ఒక పెద్ద చెట్టుకు కల్యాణి అని పేరు. 1859లో నాటిన చెట్టని చెబుతారు. తర్వాత 1995లో దానికి మహావృక్ష పురస్కారం కూడా ఇచ్చినారు. మేము పిల్లలం నలుగురం చేతులు పట్టుకుని దాని చుట్టూ నిలబడితే చేతులు అందినాయా లేదా అన్నది మా కజిన్ల వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తేలని తగాదా.

చిన్నాయన చెప్పిన కథల్లో నాకు నచ్చింది కొండ పేరు కథ. హార్సిలీ అనేది తెల్లదొర పేరు. డబ్ల్యూ.డి. హార్సిలీ కడప కలెక్టరు. చిత్తూరు జిల్లాలో కొండకు కడప కలెక్టరుకు ఏం సంబంధం అంటే, అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు. అది ఏర్పడింది 1911లో. అంతకుముందు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప కిందే ఉండేవి. ఎండకు తట్టుకోలేక ఆ దొర ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆయన పేరే నిలిచిపోయింది. అంతకుముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే చిన్నపిల్ల ఈ కొండ మీద ఒంటరిగా ఉంటే ఏనుగులు ఆమెను సాకినాయంట. కొండ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు జబ్బు చేస్తే ఆ పిల్లే మందిచ్చి బాగుచేసేదంట. ఒకరోజు ఉన్నట్టుండి కనిపించకుండా పోయిందంట. గుడి కట్టి పూజలు చేస్తా ఉన్నారు.

ఈ మాట అవ్వ చెవిన పడింది. "చూసినావా? సామి లేదంటివే!" అని నాయనను దులిపేసింది. అప్పటికప్పుడు టెంకాయ కావాలని పట్టుబట్టింది. కొండ మీద టెంకాయ ఎక్కడ దొరుకుతుందని నాయన నసిగితే, అవ్వ తన మూట విప్పి లోపలి నుంచి ఒకటి తీసింది. తిరుపతి నుంచి మోసుకొచ్చిన టెంకాయ! ఎందుకైనా మంచిదని తెచ్చిందంట. మల్లమ్మ గుడి కాడ కొట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు పెదాలు కదిలించింది. ఏం మొక్కుకున్నావంటే చెప్పలేదు.

గాలిబండ కథ వేరు. కొండ అంచున పెద్ద రాతి పరుపు, దాని కింద లోయ. అక్కడ గాలి ఆగదు. మామూలు గాలి కాదు, మనిషిని వెనక్కి నెట్టే గాలి. మాట్లాడితే మాట పక్కనున్నోడికి కూడా వినపడదు. అమ్మ మా చొక్కాలు, జడలు దొరికిందల్లా పట్టుకుని నిలబడింది, ఎగిరిపోతామేమోనని. చిన్నాయన ఎండుటాకులు గుప్పెడు తీసి లోయలోకి విసిరినాడు. అవి కిందికి పోలేదు. కాసేపు అల్లాడి, పైకి లేచి, మా తలల మీదుగా వెనక్కి వచ్చి పడినాయి. మేము కెవ్వుమన్నాము. మైదానం మీద వచ్చే గాలి ఈ బండకు కొట్టుకుని, పోవడానికి ఇంకో దారి లేక, రాతినే పట్టుకుని పైకి ఎక్కుతుందని ఆయన వివరం. వివరం ఎవరికి కావాలి! ఆ సాయంత్రమంతా మేము ఆకులు, కాగితాలు, చెనక్కాయ పొట్టు, దొరికిన ప్రతిదీ లోయలోకి విసిరి వెనక్కి తెప్పించుకున్నాము.

మా నాయన గుమాస్తా. ఇంట్లో నవ్వితే తప్పన్నట్టు ఉండేవాడు. జీతం, ఖర్చు, బాకీ, ఈ మూడు మాటలు తప్ప ఆయన నోట వేరే మాట మేము విన్నది తక్కువ. ఆ రోజు గాలిబండ మీద ఆయన పంచె గాలికి ఉబ్బి లేచింది. ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని తంటాలు పడుతుంటే తువ్వాలు జారిపోయింది. అది లోయలోకి పోయి, గిర్రున తిరిగి, పైకి లేచి వచ్చి చిన్నాయన ముఖం మీద పడింది. నాయన నవ్వడం మొదలుపెట్టినాడు. ఆగలేదు. పంచె కొసను పళ్ళతో పట్టుకుని రెండు చేతులూ చాచి గాలికి ఎదురుగా నిలబడినాడు. "అన్నా, పడిపోతావు" అని చిన్నాయన అరుస్తా ఉన్నాడు. నాయనకు వినపడలేదో, వినపడినా లెక్క చేయలేదో. అమ్మ మమ్మల్ని పట్టుకోవడం మరిచిపోయి ఆయన్నే చూస్తా నిలబడింది. అట్లాంటి నాయనను నేను తిరుపతిలో ఏనాడూ చూడలేదు.

రూముకు తిరిగొచ్చినాక రాత్రి కోడి పంచాయతీ. చిన్నాయన మదనపల్లె నుంచే నాటుకోడి తెప్పించి పెట్టినాడు. గెస్టుహౌసు వాచ్‌మేను భార్యకు సరుకులిస్తే వండిపెట్టేది. అవ్వకు సంగతి తెలిసి లేచి కూర్చుంది. "కొండ మీద కోడా? ఏం పుట్టింది మీకు?" చిన్నాయన, "ఇది తిరమల కాదమ్మా" అంటాడు. "ఏదైతేనేం, కొండే కదా" అంటుంది ఆమె. "మల్లమ్మకు కోళ్ళు కొయ్యరా?" అని నాయన మెల్లగా మధ్యలోకి వచ్చినాడు. అవ్వ ఆలోచించింది. మా ఊరి గంగమ్మకు కోళ్ళు కోస్తారు కదా, ఆ లెక్కన మల్లమ్మ కూడా అమ్మోరే కదా అని తనే దారి వెతుక్కునింది. రాగిసంగటి, నాటుకోడి పులుసు, పక్కన ఊరుబిండి. ఆ చలిలో పొగలు కక్కే సంగటి ముద్దను పులుసులో ముంచి మింగుతుంటే ఎవరి నోటా మాట లేదు. అవ్వ రెండోసారి పులుసు వేయించుకునింది. ఎండాకాలంలో అందరం కంబళ్ళు కప్పుకుని పడుకున్నాము. అవ్వ స్వెట్టరు ఆ రాత్రి నాకిచ్చింది.

తెల్లారి చిన్నాయన పిల్లోళ్ళను అడవిలోకి నడిపించినాడు. వాచ్‌మేను తోడు వచ్చినాడు, చేతిలో కట్టె. పొద్దుపోయినాక మాత్రం ఆ దారిన పోకూడదు, ఎలుగ్గొడ్లు తిరుగుతాయని చెప్పినాడు. మాకు కాళ్ళు వణికినాయి, అయినా నడక ఆపలేదు. ఒకచోట ఆయన ఆగి పుట్ట చూపించినాడు. ఒక పక్కంతా తవ్వేసి ఉంది, ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. మట్టిలో గోళ్ళ గీతలు, నా అరచేతి కంటే వెడల్పు. రాత్రి ఎలుగ్గొడ్డు వచ్చి చెదలు తినిపోయిందని, అది ముందు పుట్ట తవ్వి, బొరియలో మూతి పెట్టి, లోపలి మట్టి ఊది, చెదలను జుర్రుతుందని వాచ్‌మేను చెప్పినాడు. మా అన్న మూతి ముందుకు సాచి జుర్రి చూపించినాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంట్లో పాయసం తినేటప్పుడు ఆ చప్పుడు చేసి అమ్మ చేత తిట్లు తినేవాడు.

దారి పక్క కలివి పొదలు. ముళ్ళు తప్పించుకుంటా కోసుకోవాలి. బాగా నల్లబడినవి తీపి. తొందరపడి ఎర్రగా ఉన్నవి కొరికితే పాలు కారి పెదాలు అతుక్కుంటాయి. నా పెదాలు అతుక్కున్నాయని చిన్నాయన చిన్నకొడుకు అడవంతా చాటినాడు. బండల మీద కోతులు మా బొరుగుల డబ్బాకే గురిపెట్టి కూర్చున్నాయి. ఆ పక్షులు, ఆ చెట్ల పేర్లు చిన్నాయన చెబుతానే ఉన్నాడు. నాకు గుర్తున్నది ఒక్కటే, పసుపు గొంతు పిగిలిపిట్ట. అది దక్షిణాదిలో ఇట్లాంటి రాతికొండల మీద తప్ప ఎక్కడా ఉండదంట. ఆ రోజు కూత విన్నాము కానీ పిట్ట కనపడలేదు.

గుండ్లెక్కి జారడం, చెట్టెక్కడం, దాగుడుమూతలు, ఎవరి అరుపు లోయలో ఎంత దూరం పోతుందో పందెం. ఏ పనికీ టిక్కెట్టు లేదు, వేళ లేదు. "ఆడపిల్లవు, చెట్టెక్కకూడదు" అనే అత్త ఒకరు మా వీధిలో ఉండేది. కొండ మీద ఆమె లేదు. ఆ ఒక్క సంగతి చాలు నాకు.

దిగి వచ్చేటప్పుడు నాయన మళ్ళీ పాత నాయనే. బస్సులోనే ఖర్చుల లెక్క రాసుకున్నాడు. "ఒకసారికి సరే, ఏటేటా అంటే మనవల్ల కాదు" అన్నాడు. అవ్వ వింటా ఉంది, ఏమీ అనలేదు. మరుసటేడు ఎండాకాలం వచ్చింది. ఒకరోజు అన్నం తింటా ఉన్న నాయనతో తాపీగా, "మల్లమ్మకు మొక్కుండానురా. పిల్లోళ్ళందరినీ పిల్చుకోని వస్తానని. మొక్కు తీర్చకపోతే మంచిది కాదు" అనింది. నాయన ముద్ద ఆపి ఆమె ముఖంలోకి చూసినాడు. అవ్వ పెరుగు గిన్నె ఆయన వైపు జరిపింది. మొక్కు మాట వచ్చినాక మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. ఆ సంవత్సరం పోయినాము. ఆ మొక్కు తీరినాక ఆమె ఇంకోటి మొక్కుకునింది. ఆ తర్వాత ఇంకోటి. అవ్వ ఉన్నన్నాళ్ళూ మల్లమ్మకు మా ఇల్లు బాకీ పడుతానే ఉంది.

వానలు పడి చెరువులు నిండినాక తలకోన కూడా పోయేవాళ్ళం. అది తిరుపతికి దగ్గర. భాకరాపేట దారిలో పోయి నెరబైలు మీదుగా అడవిలోకి. సిద్ధేశ్వరుడి గుడి, అక్కడి నుంచి నడక, ఆ పైన 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్ళు. మెడ వెనక్కి విరిచి చూడాలి. నీళ్ళ కింద నిలబడితే మొదట ఊపిరి ఆగిపోతుంది, తర్వాత బయటికి రాబుద్ధి కాదు. చెట్ల మీదుగా పాకిన లావాటి తీగల మీద ఉయ్యాలలూగేవాళ్ళం. తడిబట్టలతో బండల మీద కూర్చుని చిత్రాన్నం తినడం గుర్తు. అయినా తలకోన ఒక పూట ముచ్చట. నీళ్ళలో దిగి, తిని, చీకటి పడేలోపల బండెక్కాలి. హార్సిలీలో రాత్రి ఉంటుంది. గాలిబండ కాడ నిలబడితే కింద ఎక్కడో మదనపల్లె దీపాలు, ఇంకెక్కడో చెరువు నీళ్ళ మీద వెన్నెల. టీవీ లేదు, చదవమనేవాళ్ళు లేరు. పెద్దోళ్ళు వాళ్ళ చిన్నప్పటి కతలు చెప్పుకుంటుంటే మేము నిద్రపోయినట్టు నటిస్తా వినేవాళ్ళం. మా అమ్మ చిన్నప్పుడు ఈత నేర్చుకునిందనీ, బావిలో అన్నదమ్ములతో పందెం వేసి గెలిచిందనీ నాకు తెలిసింది అట్లాంటి రాత్రే.

2022లో జిల్లాలు విడగొట్టినారు. మదనపల్లె, హార్సిలీ హిల్స్ ఇప్పుడు చిత్తూరు జిల్లాలో లేవు. కాగితం మీద మాటలే అవి. మా వాళ్ళు ఇప్పటికీ "మన జిల్లా కొండ" అనే అంటారు. కొండ మాత్రం చాలా మారింది. టూరిజం వాళ్ళ హరిత రిసార్టు ఉంది, పార్కు ఉంది, తాళ్ళ మీద నడిచే ఆటలు, పెద్ద ప్లాస్టిక్ బంతిలో దూరి దొర్లే ఆటలు వచ్చినాయి. శని, ఆదివారాల్లో బెంగళూరు బండ్లు బారులు తీరుతాయి. పిల్లలను తీసుకుపోయేవాళ్ళకు నా మాట ఒకటే. వారం మధ్యలో పోండి, రెండు రాత్రులు ఉండండి. మొదటి రోజు పిల్లలు "ఇక్కడ ఏముంది, బోర్" అంటారు. అననీయండి. రెండో రోజు మధ్యాహ్నానికి వాళ్ళంతట వాళ్ళే ఏదో ఒక ఆట పుట్టిస్తారు. గాలిబండ అంచుకు మాత్రం పోనీయకండి. కోతుల ముందు తినే సంచి విప్పకండి. ఎండాకాలమైనా స్వెట్టరు పెట్టుకోండి, దాని కింద నేను కూడా గీత కొడుతున్నాను.

మా పిల్లల్ని మొదటిసారి తీసుకుపోయినప్పుడు మావాడు తాళ్ళాట ఆడి, బంతిలో దొర్లి, రెండింటి వీడియోలూ తీసుకుని, ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఆటలు చెడ్డవని నేను అనను, నేనే ఒకసారి తాడు మీద నడిచినాను, కేకలు పెట్టినాను. సాయంత్రం గాలిబండ కాడ చిప్స్ ప్యాకెట్టు వాడి చేతిలోంచి గాలికి ఎగిరి, లోయలోకి పోయి, తిరిగొచ్చి వాడి చెల్లెలి జడకు తగులుకునింది. వాడు ఫోను నా చేతికిచ్చి ఎండుటాకులు ఏరడానికి పోయినాడు. ఆ ప్యాకెట్టును మాత్రం పట్టుకుని సంచిలో వేయించినాను. ఇప్పుడు అక్కడ ప్లాస్టిక్ మరీ ఎక్కువైంది, చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఈసారి సంక్రాంతి సెలవులకు అందరం కలుద్దామని గ్రూపులో అనుకుంటా ఉన్నాము. చిన్నాయనకు ఎనభై దాటినాయి, అయినా వస్తానంటాడు, గాలి ఎందుకు పైకి లేస్తుందో మనవళ్ళకు చెప్పాలంట. రూములు అన్న బుక్ చేస్తాడు. భోజనం దగ్గర తెగలేదు. సగం మంది హోటల్లో తిందామంటారు, సగం మంది సంగటి, కోడి లేకుంటే రామంటారు. రిసార్టు వాళ్ళు సంగటి చేస్తారా అని కనుక్కునే పని నాకు పడింది. అమ్మకు ఇదంతా ఫోన్లో చెబితే ఓపిగ్గా విని, "టెంకాయ పెట్టుకున్నావా?" అని అడిగింది.